దీవుల్లో కంప్యూటర్ పరీక్ష: కేబుల్ వచ్చినా తప్పని ప్రయాణం

నైలిట్ నిర్వహించే కంప్యూటర్ పరిజ్ఞాన పరీక్ష ‘సీసీసీ’లో 90 నిమిషాల్లో 100 ప్రశ్నలకు సమాధానాలు గుర్తించాలి. అంటే ఒక్కో ప్రశ్నకు 54 సెకన్లు. ఉత్తీర్ణతకు 50 శాతం మార్కులు అవసరం.

అండమాన్ నికోబార్ దీవుల అభ్యర్థులకు గడియారంతో పాటు దూరమూ పరీక్షే. గతంలో ఇక్కడి ఇంటర్నెట్ ప్రధానంగా ఉపగ్రహాలపై ఆధారపడేది. సంకేతం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి తిరిగి రావాల్సి ఉండటంతో జాప్యం తప్పేది కాదు. 2020 ఆగస్టు 10న సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. సుమారు 2,300 కిలోమీటర్ల ఈ కేబుల్ చెన్నైని పోర్ట్ బ్లెయిర్, అంటే నేటి శ్రీ విజయపురంతోను, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ సహా పలు దీవులతోను కలుపుతోంది.

అయితే పరీక్షా కేంద్రం లేని దీవుల అభ్యర్థులకు ప్రయాణం తప్పదు. వాతావరణం అనుకూలించక ఓడ నిలిచిపోతే పరీక్షే చేజారవచ్చు. అందువల్ల తేదీ ఖరారైన వెంటనే ప్రయాణానికి అదనపు రోజులు కేటాయించుకోవడం శ్రేయస్కరం.