ట్యాంకులో పంపు: పెద్దదే మంచిదా?

పాతకాలం కథ తెరకెక్కించాలంటే ఆనాటి బండ్లూ కావాలి. అలా తెచ్చిన పెట్రోల్ జీపో పికప్పో ఎండలో నిలబడి నిలబడి, ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడు స్టూడియో వైపు ఎత్తెక్కుతూ ఆగిపోతే అందరూ ఇంజిన్‌నే అనుమానిస్తారు. దానికి పెట్రోల్ సరిగా అందుతోందా అన్నది ముందు చూడాలి.

కార్బురేటర్ బండిలో మెకానికల్ పంపు ఇంజిన్ పక్కనుంటుంది. ట్యాంకులోంచి పెట్రోల్‌ని పీలుస్తుంది. పీల్చేటప్పుడు పైపులో పీడనం తగ్గుతుంది, దానికి ఇంజిన్ వేడి తోడై పెట్రోల్ ఆవిరి బుడగలు కడుతుంది. మెకానిక్‌లు వేపర్ లాక్ అనేది దీన్నే. ట్యాంకులో మునిగి ఉండే ఎలక్ట్రిక్ పంపు పెట్రోల్‌ని ముందుకు నెడుతుంది కాబట్టి ఆ బెడద బాగా తగ్గుతుంది. చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. అందుకే ఎప్పుడూ రిజర్వులో నడిపితే పంపు త్వరగా పాడవుతుంది. పైగా ఫిల్మ్‌నగర్ ఎత్తుల్లో ఉన్న కాస్త పెట్రోలూ ఒక పక్కకి జరిగి, పంపు గాలి మింగుతుంది.

కొనేటప్పుడు ముందు పీడనం చూడాలి, లీటర్లు ఆ తర్వాత. కార్బురేటర్‌కి సుమారు 0.2 నుంచి 0.4 బార్ చాలు. ఇంజెక్షన్‌కి 3 బార్ లేదా అంతకు మించి కావాలి. ఇంజెక్షన్ పంపుని నేరుగా కార్బురేటర్‌కి కలిపితే పెట్రోల్ పొంగి పొర్లుతుంది. రెగ్యులేటర్, రిటర్న్ పైపు తప్పనిసరి.

80 హార్స్‌పవర్ ఇంజిన్ పూర్తి బలంతో లాగినా గంటకి సుమారు 25 లీటర్లే తాగుతుంది. ఇథనాల్‌లో లీటరుకి శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ కనుక, ఇప్పుడు బంకుల్లో దొరికే ఇ20తో (20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్) మరో 7 శాతం కలపండి. కాస్త మిగులు వేసుకున్నా 40 లీటర్లు దాటదు. అలాంటప్పుడు గంటకి 255 లీటర్ల పంపు ఎందుకు? మిగిలిందంతా ఇంజిన్ వేడిని మోసుకుంటూ ట్యాంకులోకే తిరిగొస్తుంది. కరెంటూ ఎక్కువ లాగుతుంది. పాత వైరింగ్‌లో వోల్టేజి పడిపోతే డబ్బా మీద రాసిన లీటర్లు రానే రావు. ఇంజిన్ నడుస్తుండగా పంపు ప్లగ్ దగ్గర మల్టీమీటర్ పెట్టి చూడండి, రిలే వేసి కొత్త వైరు లాగండి.

ట్యాంకు లోపలి గొట్టం విషయంలో చాలామంది పొరబడతారు. మామూలు ఫ్యూయల్ పైపు లోపలి వైపు మాత్రమే పెట్రోల్‌ని తట్టుకుంటుంది. మునిగి ఉండే చోట పైపొర ఉబ్బి చీలుతుంది. ఎస్‌ఏఈ జె30 ఆర్10 అని ముద్రించిన గొట్టమే అడగండి. సీళ్లు ఇ20కి పనికొస్తాయో లేదో అడిగి తెలుసుకోండి.

మన పికప్‌లలో ఎక్కువ డీజిల్‌వే, వాటి లెక్క వేరు. పెట్రోల్ బండికి మాత్రం ఇంజిన్ ఆగిన వెంటనే పంపు కూడా ఆగిపోయేలా కటాఫ్ స్విచ్ పెట్టించండి. ఆ ఖర్చు దగ్గర మాత్రం వెనకాడకండి.