ట్యాబ్ నొక్కితే... సగం పేరు చాలు!

‘జీతాలు-జనవరి’, ‘జీతాలు-జూన్’, ‘జీతాలు-జులై’... కంప్యూటర్లో ఒక ఫోల్డరులో ఈ మూడు ఫైళ్లే ఉన్నాయనుకోండి. జూన్ లెక్కలు తెరవాలి. పేరంతా టైపు చేయడం విసుగు. పైగా ఒక్క అక్షరం తప్పినా ఫైలు దొరకదు. ‘ఈమ్యాక్స్’ వాడేవారికి ఆ బెంగ లేదు. మొదటి అక్షరం కొడితే మిగతా పని ట్యాబ్ మీట చూసుకుంటుంది!

ప్రోగ్రాములు రాసేవారికి బాగా తెలిసిన టెక్స్ట్ ఎడిటర్ ఈమ్యాక్స్. 1976లో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో పుట్టింది. ఇప్పుడు వాడుకలో ఉన్న గ్నూ ఈమ్యాక్స్‌ను రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో విడుదల చేశారు. తెర అడుగున ‘మినీబఫర్’ అనే చిన్న వరస ఉంటుంది. ఏ ఫైలు తెరవాలో, ఏ పని చేయాలో చెప్పేది అక్కడే.

ఎలా పూరిస్తుంది?

అక్కడ ‘జీ’ అని కొట్టి ట్యాబ్ నొక్కితే, ‘జీ’తో మొదలయ్యే పేర్లన్నీ ఏరి అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. అన్నిట్లోనూ ఎంతవరకు ఒకేలా ఉందో అంతవరకే, అంటే ‘జీతాలు-జ’ వరకే పూరించి ఆగిపోతుంది. కావాల్సింది ఏ నెలో దానికి తెలియదు. తెలియనిది ఊహించదు! మళ్లీ ట్యాబ్ నొక్కితే మూడు పేర్లూ జాబితాగా చూపిస్తుంది. చివరి ‘జ’కు కొమ్ముదీర్ఘం తగిలించి ఇంకోసారి నొక్కితే... ఇక మిగిలింది జూన్ ఒక్కటే కాబట్టి పేరు పూర్తవుతుంది. ఎడిటర్లోని వేల ఆజ్ఞలకూ ఇదే పద్ధతి.

ఫోన్లో సందేశం రాస్తుంటే తర్వాతి మాట సూచిస్తుందే, అది వేరు. అది అంచనా... తప్పొచ్చు. ఇక్కడ ఉన్న పేర్లే తప్ప అంచనాలు ఉండవు.

విమ్ దారి వేరు

1991లో నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మూలెనార్ విడుదల చేసిన ‘విమ్’ ఎడిటర్‌ది మరో తీరు. మామూలుగా అందులో ట్యాబ్ నొక్కగానే సరిపోయే మొదటి పేరు మొత్తం వచ్చేస్తుంది. అది కాకపోతే మళ్లీ నొక్కాలి, తర్వాతి పేరు వస్తుంది. జాబితా అంతా ఒకేసారి చూడాలంటే కంట్రోల్‌తో ‘డి’ నొక్కాలి.

తొందరపడితే?

ఈమ్యాక్స్‌లో ‘జీతాలు-జ’ దగ్గరే పేరు పూర్తయిందనుకుని ఎంటర్ కొట్టేవారూ ఉంటారు. ఆ పేరుతో ఫైలు లేదు కాబట్టి కొత్తగా ఖాళీ ఫైలు తెరుచుకుంటుంది. చూసుకోకుండా అందులోనే రాస్తూపోతే జూన్ పద్దు రెండు చోట్లకు చీలిపోతుంది. అందుకే ట్యాబ్ నొక్కిన వెంటనే ఎంటర్ కొడితే, అలాంటి ఫైలు లేనప్పుడు, ‘ఖాయమేనా?’ అన్నట్టు ఓసారి ఆగుతుంది. మళ్లీ ఎంటర్ కొడితేనే ముందుకెళ్తుంది. అక్కడ ఆగిందంటే పేరు ఒకసారి సరిచూసుకోమనే!