గర్భిణుల వ్యాయామం
గర్భిణుల వ్యాయామం అనగా గర్భధారణ కాలంలో తల్లికి, గర్భస్థ శిశువుకు హాని కలుగని రీతిలో చేసే శారీరక శ్రమ. గర్భిణి కదలకుండా ఉండాలన్న నమ్మకం సరికాదు. ఇతర సమస్యలు లేనప్పుడు మితమైన వ్యాయామం వలన గర్భస్రావం జరగదు. అట్టివారు వారానికి కనీసం 150 నిమిషాలు మధ్యస్థాయి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. స్థూలంగా ఇదే కొలత. బరువైన నీళ్ళ బిందెలు మోయడాన్ని వ్యాయామంగా లెక్కించరాదు.

మూడవ నెల దాటిన తరువాత వెల్లకిలా పడుకొని చేసే వ్యాయామాలు మానుకోవాలి. పెరిగిన గర్భాశయం వెన్నెముక పక్కనున్న పెద్ద సిరను నొక్కడం వలన గుండెకు తిరిగి చేరే రక్తం తగ్గుతుంది. రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, తల తిరగడం, ఛాతీనొప్పి వంటివి కనిపిస్తే వెంటనే ఆపి వైద్యులను సంప్రదించాలి. మాయ గర్భాశయ ద్వారాన్ని కప్పి ఉన్నవారు, తీవ్రమైన రక్తహీనత గలవారు వైద్యుల అనుమతి లేనిదే వ్యాయామం మొదలుపెట్టరాదు.