పాత లాప్‌టాపు, పెద్దల పాట

ఊర్మిళాదేవి నిద్ర, కుశలాయకము, లక్ష్మణదేవర నవ్వు మొదలగు స్త్రీల పాటలను పుస్తకమున చదువుట వేఱు, పెద్దవారు పని చేసికొనుచు పాడగా వినుట వేఱు. అచ్చునందు పదములు నిలుచును గాని బాణి నిలువదు. ఎచ్చట ఊపిరి తీసికొనవలెనో, ఏ యక్షరమును సాగదీయవలెనో పాడువారికే తెలియును. వారితోడనే యది పోవును. కావున మన యింటి పెద్దల పాటలను వారి కంఠమునందే భద్రపఱచుకొనుట మన కర్తవ్యము. ఇందులకు క్రొత్త యంత్రము కొననక్కఱలేదు. పిల్లలు విడిచిపెట్టిన పాత లాప్‌టాపు అనేక గృహములలో బీరువా యడుగున పడియున్నది. దానిని బాగుచేసి యీ పనికి వినియోగించు విధమును సోదరీమణులకు విన్నవించెదను.

చేతి ఫోనుతో చేయరాదా యని యడుగవచ్చును. చేయవచ్చును, ఏమియు లేనిచో నదియే మేలు. కాని పాట నడుమ పిలుపు వచ్చును. దోషములను పెద్ద తెరమీద చూచి సవరించుకొనుట లాప్‌టాపునందు సులభము.

మొదట నా పొరపాటు చెప్పెదను. మా మేనత్తగారు డెబ్బదియెనిమిదవయేట మా యింటికి వచ్చినపుడు, పాత లాప్‌టాపును దుమ్మైనను తుడువక యెదుట పెట్టి ఊర్మిళాదేవి నిద్ర పాడించితిని. ఆమె ముప్పావుగంట పాడెను. తరువాత విని చూడగా అడుగడుగునకు టక్కుటక్కుమను చప్పుడు, దానివెనుక ఫ్యాను హోరు. నడుమ రెండు చరణములు తెగిపోయినవి. ఆమె నవ్వి, "ఏమే అమ్మాయీ, నీ పెట్టెకు నా పాట నచ్చలేదా?" యనెను. నచ్చకపోవుట కాదు, ఆ పెట్టెకు తీరికలేకపోయినది. ఎట్లో వినుడు.

పెట్టెకు తీరిక కలిగించుట

మైక్రోఫోనునుండి వచ్చు ధ్వనిని లాప్‌టాపు క్షణమునకు 44,100 మాఱులో, 48,000 మాఱులో కొలిచి అంకెలుగా వ్రాసికొనును. ఈ యంకెలు మొదట బఫరను చిన్న తావున నిండును. యంత్రము వచ్చి వానిని తీసికొనిపోయి డిస్కునందు దాచును. కొళాయి క్రింద బిందె పెట్టినట్లనుకొనుడు. కొళాయి ఆగదు. బిందె మార్చువారు వేఱుపనిమీద పోయి ఆలస్యము చేసినచో నీరు నేలపాలగును. అట్లు నేలపాలైన ధ్వనియే మనకు వినబడు టక్కుమను చప్పుడు.

దీనికి రెండు ఉపాయములు. మొదటిది, మనిషికి వేఱుపనులు తగ్గించుట. రికార్డు చేయుటకు ముందు యంత్రమును ఒకమాఱు ఆర్పి వెలిగింపవలెను. బ్రౌజరును, తక్కిన ప్రోగ్రాములను మూసివేయవలెను. వైఫై, బ్లూటూత్ ఆపి, ఏరోప్లేన్ మోడునందుంచవలెను. అప్పుడు అప్‌డేటులు దిగవు, ఫోటోలు మేఘభాండారమునకు ఎక్కవు. పవర్ అమరికలలో పొదుపును విడిచి హై పెర్‌ఫార్మెన్సును ఎన్నుకొని, స్లీపును మాన్పింపవలెను. సౌండు అమరికలలో మైక్రోఫోనుకు సంబంధించిన ఎన్‌హాన్స్‌మెంటు లున్నచో తీసివేయవలెను. అవి మాటకు మేలుచేయబోయి పాటకు కీడుచేయును.

రెండవది, బిందెను పెద్దది చేయుట. రికార్డు చేయు ప్రోగ్రాము అమరికలలో బఫరు పరిమాణమును పెంచవచ్చును. బఫరు పెద్దదైనకొలది పాడినవారి గొంతు హెడ్‌ఫోనులో వారికే కొంచెము ఆలస్యముగా వినబడును. తాళమునో శ్రుతినో హెడ్‌ఫోనులో వినుచు పాడువారికి ఇది చిక్కు. పీటమీద కూర్చుండి తనపాటికి తాను పాడు పెద్దావిడకు దీనితో నిమిత్తము లేదు. కావున మనము పెద్ద బిందెనే పెట్టుకొనవచ్చును.

లోపలి బాగుచేత

లాప్‌టాపులో మూసుకొనిపోయిన గాలిదారులను మెత్తని కుంచెతో శుభ్రపఱుపవలెను. దుమ్ముచేత వేడి పెరిగినచో ఫ్యాను హోరెత్తును. అంతకు మించినచో యంత్రము తన వేగమును తానే తగ్గించుకొనును. పరుపుమీద పెట్టక గట్టిబల్లమీద పెట్టవలెను.

కొంత వ్యయము చేయగలవారు, తిరుగుడు హార్డుడిస్కు స్థానమున ఎస్.ఎస్.డి. వేయించుట ఉత్తమము. ఇందు తిరుగు భాగములు లేవు గనుక చప్పుడుండదు, వేగము మిక్కిలి హెచ్చు. 4 గిగాబైట్ల ర్యామున్నచో, వీలైన 8 చేయింపవలెను. దుకాణమున కిచ్చుటకు ముందు పాత ఫోటోలను వేఱొక డిస్కునకు ఎత్తుకొనుట మఱువరాదు.

విండోస్ 10కి సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11ను ధరింపలేని పాత యంత్రమును ఇంటర్నెట్టునకు కలుపక రికార్డింగునకు మాత్రమే ఉంచుకొనవచ్చును. లేదా తెలిసినవారిచేత తేలికైన లినక్సును ఎక్కించుకొనవచ్చును. రెండింటియందును ఆడాసిటీ యను ప్రోగ్రాము పనిచేయును. 2000 సంవత్సరమున లోకమునకు వెలువడిన యీ ప్రోగ్రాము నేటికిని ఉచితము.

దానియందు 48,000 రేటును, ఒక్క గొంతునకు మోనోను ఎన్నుకొనుడు. 32 బిట్ల అమరికలో గంట పాటకు సుమారు 700 మెగాబైట్ల తావు పట్టును.

గది, మైక్రోఫోను

లాప్‌టాపులోని మైక్రోఫోను ఫ్యాను ప్రక్కనే ఉండుటచే హోరును కూడ వినును. యు.ఎస్.బి. మైక్రోఫోను నొకటి తెచ్చుకొని, పాడువారి నోటికి జానెడు, జానెడున్నర దూరమున కొంచెము ప్రక్కకు నిలుపవలెను. అట్లయిన ప, భ మొదలగు అక్షరముల గాలి సూటిగా తాకదు. లాప్‌టాపును తీగ యందినంత దూరమునకు జరుపవలెను.

వట్టిగోడల గది మ్రోగును. బట్టల బీరువా తలుపులు తెఱచి, మంచముమీద బొంతలు పఱచి, కిటికీలకు దుప్పట్లు వ్రేలాడదీసిన చాలును. పైనున్న ఫ్యానును, ప్రక్కగదిలోని ఫ్రిజ్జును ఆపవలెను. ఫ్రిజ్జును తిరిగి వేయుట మఱవకుండుటకు ఇంటి తాళపుచెవిని దానిలో ఉంచుడు! పాడువారి గాజులు మ్రోగకుండ చేతులు ఒడిలో ఉంచుకొనుమని మెల్లగా చెప్పవలెను.

మన దేశమున విద్యుత్తు క్షణమునకు 50 మాఱులు అటునిటు ఊగును. ఛార్జరునుండి జుమ్మను చప్పుడు వచ్చుచున్నచో దానిని ఊడదీసి బ్యాటరీమీద నడిపి చూడుడు. బ్యాటరీమీద నడుచునపుడు యంత్రము మరల పొదుపునకు దిగకుండ పవర్ అమరికను చూచుకొనవలెను. పాత బ్యాటరీ యెంతసేపు నిలుచునో ముందుగనే తెలిసికొనుడు.

ధ్వనిస్థాయిని చూపు పట్టీ శూన్యమును తాకరాదు. పెద్దగొంతున కూడ -12 మొదలు -6 డెసిబెల్ల నడుమ నుండవలెను. కూరలో ఉప్పు తక్కువైన కలుపుకొనవచ్చును, ఎక్కువైన తీయలేము. ధ్వనియు నట్లే. పాట మొదలిడుటకు ముందు పది సెకనులు మౌనముగా నుండుడు. ఆ మౌనమునే నమూనాగా చూపి, మిగిలిన హోరును తరువాత ఆడాసిటీచేత కొంత తగ్గించుకొనవచ్చును. ఎక్కువ తగ్గించిన గొంతు చెడును.

భద్రపఱచుట

మూలప్రతిని వేవ్ రూపమున దాచుడు. ఎమ్.పి.3 రూపము చిన్నది గాని, ధ్వనిలో కొంత భాగమును విడిచివేయును. బంధువులకు పంపుటకు మాత్రమే అది తగినది. ప్రతులు మూడుండవలెను: ఒకటి లాప్‌టాపులో, ఒకటి వేఱొక డిస్కులో, ఒకటి పుట్టింటనో అక్కచెల్లెండ్ర యింటనో. పాట పేరు, పాడినవారి పేరు, ఊరు, ఎవరియొద్ద నేర్చిరో, ఏ సంవత్సరమున పాడిరో, పాటకు ముందు వారినోటనే చెప్పింపుడు. పాటను ఇతరులకు పంపుటకు వారి యనుమతి యడుగుడు.

పై విధమున నంతయు సరిచేసికొని, నాలుగునెలల పిమ్మట మా మేనత్తగారి యూరికే లాప్‌టాపును తీసికొనిపోయితిని. ఈమాఱు టక్కుమనలేదు. హోరు లేదు. కాని మొదట తెగిపోయిన రెండు చరణములలో నొకటి ఆమెకు జ్ఞాపకము రాలేదు. కన్నులు మూసికొని చాలసేపు వెదకి, "పోయిందే తల్లీ" యని ముందుకు సాగెను. ఆమె ఇప్పుడు లేదు. ఆ ప్రతిలో ఆమె వెదకిన మౌనము కూడ నున్నది. దానిని నేను కత్తిరింపలేదు. మొదటిదినముననే పెట్టెను తుడిచి, వైఫై ఆపియుండినచో ఆ చరణము నేడు మా యింట నుండెడిది.

కావున మీ యింట పాడగలవా రున్నచో పండుగ వచ్చువఱకు ఆగవలదు. ఈ యాదివారమే బీరువా యడుగునుండి ఆ పెట్టెను తీసి దుమ్ము దులుపుడు.