మిరప కోతల వేళ బడి పండగ ఎవరిది?

పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లె బడుల్లో వార్షికోత్సవాలు, పిల్లల ప్రాజెక్టుల ప్రదర్శనలు చాలావరకు ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే జరుగుతాయి. జాతీయ సైన్స్ దినోత్సవం ఫిబ్రవరి 28న. మిరప కోతలు ముమ్మరమయ్యేదీ అప్పుడే. కూలికెళ్లే దళిత కుటుంబాల పిల్లలు కొందరు తల్లుల వెంట చేలకు పోతారు, కొందరు ఇంట్లో చంటిపిల్లల్ని చూసుకుంటారు. అందుకే బహుమతుల జాబితాను హాజరుపట్టీ పక్కన పెట్టుకుని చదవాలి. అక్కడ లేని పేరు తెలివి లేదని చెప్పదు, ఆ రోజు బడికి రాలేదని చెబుతుంది.

విద్యాహక్కు చట్టం (2009) 29వ సెక్షన్ ప్రకారం పిల్లలు చేసి, వెతికి, కనుక్కుని నేర్చుకోవాలి. అలాగైతే కొన్న చార్టులూ థర్మోకోల్ బొమ్మలే ప్రాజెక్టులు కావు. తాలుకాయల్ని ఎందుకు ఏరేస్తారు, అమ్మ కూలి లెక్క ఎలా కడతారు అన్నవీ ప్రాజెక్టులే.

సెప్టెంబర్ 28న ఇంకో ప్రదర్శన పెట్టవచ్చు. అప్పటికి మిరప కోతలు మొదలు కావు. 1895లో ఆ రోజున వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా బడిలోనే అంటరానితనం చవిచూశారు, తర్వాత గుంటూరులో ఉపాధ్యాయుడిగా పనిచేశారు.

బడి కమిటీలో 75 శాతం తల్లిదండ్రులే ఉండాలని, అణగారిన వర్గాల వారికి దామాషా ప్రకారం చోటివ్వాలని 21వ సెక్షన్ చెబుతోంది. పండగ తేదీని ఆ కమిటీలోనే తేల్చాలి.