సేకర్తల సభలో కాపలాదారు: విధి, మర్యాద

పాత నాణేలు, తపాలా బిళ్ళలు, కరెన్సీ నోట్లు, అగ్గిపెట్టెల బొమ్మలు మొదలైనవి కూడబెట్టడం అనేకులకు ప్రియమైన వ్యాసంగం. ఇట్టి అభిరుచి గలవారు అప్పుడప్పుడు ఒకచోట చేరి తమ వస్తువులను ప్రదర్శిస్తారు, పరస్పరం మార్చుకుంటారు, కొంటారు, అమ్ముతారు. ఆ సభలోని ఉపన్యాసాలను గురించి, బహుమతులను గురించి పత్రికలు వ్రాస్తాయి. ద్వారం వద్ద ఉదయం నుండి రాత్రి దాకా నిలిచియుండే కాపలాదారును గురించి వ్రాసేవారు అరుదు. కాని సభకు వచ్చినవాడు మొదట చూచేది అతనినే, వెళ్ళేటప్పుడు చివర చూచేదీ అతనినే. అతని ప్రవర్తన ఎట్లుండవలెను, అతని అధికారం ఎంతవరకు, అతనికి నిర్వాహకులు చేయవలసిన సహాయమేమి అనే విషయాలను ఈ వ్యాసంలో వివరింపదలచినాము.

ఇది నగరాల ముచ్చట కదా, కోదాడ నుండి హుజూర్‌నగర్ పోయే దారిలోని మన చిలుకూరుకు దీనితో ఏమి పని అని కొందరు ప్రశ్నింపవచ్చును. బాలాజీ ఆలయం వలన పేరుపొందిన హైదరాబాదు చెంతనున్న చిలుకూరు వలె మన ఊరు ప్రసిద్ధమైనది కాకపోవచ్చును గాని, సేకరణకు తగిన వస్తువులకు ఈ ప్రాంతంలో కొదువ లేదు. 1950ల దాకా చెలామణిలో ఉండిన హాలీ సిక్కా, చార్మినారు బొమ్మగల నిజాం రూపాయి ఇప్పటికీ ఎన్నో ఇళ్ళ పెట్టెలలో ఉన్నవి. హైదరాబాదు సంస్థానం 1869లో తన సొంత తపాలా బిళ్ళను వెలువరించింది. 1871లో వెలువడిన బిళ్ళలపై పారసీ లిపితో పాటు తెలుగు, మరాఠీ, ఆంగ్ల అక్షరాలు కూడ చోటుచేసుకున్నవి. ఉర్దూ, తెలుగు ఒకే పత్రికలో ప్రక్క ప్రక్కన అచ్చువేసుకునే మనవంటివారికి ఆ చిన్న కాగితపు ముక్క ఒక బంధువు వంటిది. ఇక మన సూర్యాపేట జిల్లాలోనే ఉన్న ఫణిగిరిలో 2024లో పురావస్తు శాఖవారి త్రవ్వకాలలో ఒక మట్టి కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడినవి. ఒక వైపు ఏనుగు, మరొక వైపు ఉజ్జయినీ చిహ్నం గల ఆ నాణేలు ఇక్ష్వాకుల కాలం నాటివని నిర్ణయించినారు. తెలియని కంటికి అవి నల్లని సీసపు బిళ్ళలు మాత్రమే. తెలిసినవారికి అవి పదిహేడు వందల ఏండ్ల చరిత్ర.

సేకర్తల సభకు కాపలా కాయడంలోని కష్టమంతా ఇక్కడనే ఉన్నది. బంగారు దుకాణంలో వస్తువు దుకాణదారునిది, వచ్చినవాడు కొనుగోలుదారు. ఆ భేదం స్పష్టం. సేకర్తల సభలో అట్లు కాదు. అమ్మేవాని బల్లమీద ఉన్నట్టి నాణెమే చూడవచ్చినవాని జేబులోనూ ఉండవచ్చును. పోయేటప్పుడు అతని సంచిలో ఒక ఉస్మానియా రూపాయి కనబడితే అది అతడు ఇంటినుండి తెచ్చినదో, లోపల కొన్నదో, దొంగిలించినదో కాపలాదారు ఎట్లు చెప్పగలడు? మెటల్ డిటెక్టరు సంగతి చెప్పనే అక్కరలేదు. నాణేలు తెచ్చిన ప్రతివాని వద్దా అది మ్రోగుతుంది. ఆ మ్రోత లోహం ఉన్నదని చెప్పునే గాని దోషం ఉన్నదని చెప్పదు. అందుచేత ఈ సభలలో సంచి వెదకడం వలన కలిగే ప్రయోజనం స్వల్పం. జరిగే అవమానం అధికం.

ఇందుకు ప్రపంచ ప్రసిద్ధమైన ఒక ఉదాహరణ కలదు. అమెరికాలో 1918లో వెలువడిన 24 సెంట్ల విమానపు తపాలా బిళ్ళలలో నూరు బిళ్ళలు గల ఒక కాగితంపై విమానం తలక్రిందులుగా అచ్చుపడినది. ఆ నూరింటిలో నాలుగు కలిసియున్న ఒక ఖండం ఎథెల్ మెకాయ్ అనే మహిళ సొత్తు. 1955లో వర్జీనియా రాష్ట్రంలోని నార్‌ఫోక్ నగరంలో అమెరికన్ ఫిలాటెలిక్ సొసైటీవారి మహాసభ జరిగినప్పుడు, ప్రదర్శనలో ఉంచిన ఆ ఖండం అపహరింపబడినది. దొంగలు దానిని విడదీసినారు. తరువాతి దశాబ్దాలలో రెండు బిళ్ళలు, 2016లో మూడవది దొరికినవి. అవి ఎట్లు గుర్తింపబడినవి? ఎవరి జేబులు వెదకుట వలననూ కాదు. మూల కాగితంలో ప్రతి బిళ్ళ స్థానం ఇదియని సేకర్తలు ముందే నమోదు చేసి, ఛాయాచిత్రాలు తీసి భద్రపరచి ఉండుట వలన. ఆరు దశాబ్దాలు గడచినా ఆ పత్రాలు సాక్ష్యం చెప్పినవి. వస్తువును కాపాడే మొదటి కావలివాడు దాని పట్టికయే అని మేమనుట అందువలననే.

రెండవ ఉదాహరణ మన హైదరాబాదులోనే ఉన్నది. ఇది సేకర్తల సభలో జరిగినది కాదు గాని, ఒక ప్రసిద్ధ సేకరణను గురించినదే. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రజతోత్సవ కానుకలను ప్రదర్శించే పురానీ హవేలీ మ్యూజియంలో 2018 సెప్టెంబరులో ఒక రాత్రి దొంగతనం జరిగినది. రత్నాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా, బంగారు కప్పు, సాసరు, చెంచా పోయినవి. దొంగలు వచ్చినది ద్వారం గుండా కాదు. వెంటిలేటరు గుండా తాడు సహాయంతో దిగినారు. కొద్ది దినాలలోనే పోలీసులు ఇద్దరిని పట్టుకొని వస్తువులను స్వాధీనం చేసుకున్నారు. ఆ ఇద్దరూ అంతకు ముందు సందర్శకులవలె వచ్చి అన్నీ చూచిపోయినారని పోలీసులు చెప్పినారు. పగలు ద్వారం వద్ద వారి సంచులు ఎంత వెదకినా ఏమి దొరికేది? ఏమీ దొరికేది కాదు. వస్తువులను వదలి గోడలను, కిటికీలను పరికించే సందర్శకుని గమనించే చూపు, రాత్రి వేళ వెంటిలేటరుకు గట్టి ఇనుప చట్రం, ఈ రెండే పనికివచ్చేవి. కాపలా అనగా చేతిపని కాదు, కంటిపని అని ఈ ఉదంతం మనకు బోధిస్తున్నది.

ఇప్పుడు చట్టం ఏమి చెప్పుచున్నదో చూతము. ప్రైవేటు కాపలా సంస్థలకు 2005లో పార్లమెంటు ఒక ప్రత్యేక చట్టం చేసినది. ఆ చట్టం ప్రకారం సంస్థకు లైసెన్సు ఉండవలెను. కాపలాదారుకు ఛాయాచిత్రం గల గుర్తింపు కార్డు ఉండవలెను. పోలీసుల, సైనికుల దుస్తులవలె కనిపించే దుస్తులను అతడు ధరింపరాదు. ఆ నిషేధం ఊరకే చేసినది కాదు. ఖాకీ చూచి ప్రజలు పోలీసు అధికారమని భ్రమపడకుండుటకే. 2006 నాటి కేంద్ర నమూనా నిబంధనలు నూరు గంటల తరగతి పాఠాలు, అరవై గంటల క్షేత్ర శిక్షణ విధించినవి. ఆ పాఠాల పట్టికలో మొట్టమొదటిది ఆయుధ ప్రయోగం కాదు, అగ్నిమాపకం కాదు. ప్రజల ఎదుట నడవడి, దుస్తులను సక్రమంగా ధరించుట. ఈ వరుసను మన నిర్వాహకులు మరువరాదు.

కాపలాదారుకు ఇతరుల దేహాన్ని గాని, సంచిని గాని బలవంతంగా సోదా చేసే అధికారం లేదు. ‘సంచి చూపిన తరువాతనే లోపలికి ప్రవేశం’ అనే నియమం నిర్వాహకులు పెట్టుకొనవచ్చును. అప్పుడు వచ్చినవాడు ఇష్టమైతే చూపుతాడు, లేనిచో వెనుకకు పోతాడు. అది అంగీకారంతో జరిగే తనిఖీ. అంగీకారం లేని తలాషీ వేరు. అది పోలీసుల పని, వారికి సైతం నియమాలున్నవి. స్త్రీని సోదా చేయవలసివస్తే మరొక స్త్రీయే, మర్యాదకు భంగం లేకుండా చేయవలెనని చట్టం శాసిస్తున్నది.

‘దొంగను కళ్ళారా చూచినప్పుడు కూడ పట్టుకొనరాదా?’ అని అడుగవచ్చును. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ విభాగం ప్రకారం, తన కళ్ళ ఎదుట జరిగిన తీవ్ర నేరాలలో, అనగా బెయిలుకు వీలులేనివి, పోలీసులు వారంటు లేకుండ పట్టుకొనదగినవి అయిన నేరాలలో, సామాన్య పౌరుడు సైతం నేరస్థుని నిలిపి ఆరు గంటలలోగా పోలీసులకు అప్పగింపవచ్చును. కాపలాదారుకున్న హక్కు ఆ సామాన్య పౌరుని హక్కే. అంతకు మించి లేదు. కాని అయిదు వేల రూపాయల లోపు విలువగల వస్తువు దొంగతనాన్ని కొత్త చట్టం ఆ కోవలో చేర్చలేదు. మన సభలలో బల్లలమీద ఉండే నాణేలలో, బిళ్ళలలో అధికభాగం ఆ విలువకు లోబడినవే. అనుమానం మాత్రం చేత ఒక విద్యార్థిని గదిలో కూర్చోబెట్టి తలుపు వేయుట అక్రమ నిర్బంధమనే నేరం క్రిందికి రాగలదు. నాణెం దొంగను పట్టబోయి కాపలాదారు తానే ముద్దాయి అయ్యే ప్రమాదం కలదు.

చట్టం కంటె సున్నితమైన విషయం మరొకటున్నది. ఎవరిని ఆపవలెను, ఎవరిని పోనీయవలెను? కారు దిగినవానికి సలాము, చేతిసంచితో బస్సు దిగినవానికి ప్రశ్నలు. నెత్తిన టోపీ ఉన్నవానిని, బురఖా ధరించిన ఆడపిల్లను, చెప్పులు తెగిన పల్లెటూరి కుర్రవానిని మాత్రం ప్రక్కకు పిలుచుట: ఇట్టివి ఎక్కడ జరిగినా అవి కాపలా అనిపించుకొనవు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్లు అని సామెత. కాని పదిమందిలో నిలబెట్టి నిందిస్తే నిర్దోషి కూడ భుజాలు తడుముకుంటాడు. చేతులు వణకుట దోషానికి సాక్ష్యం కాదు. తాతగారి పెట్టెలోని హాలీ సిక్కాను ఆశతో తెచ్చిన పిల్లవాడు ఒక్కసారి అట్లు అవమానం పొందితే మరల సభ ముఖం చూడడు. ఆ సిక్కా కరగించేవాని కొలిమిలోనికి పోవచ్చును. ఆ విధంగా ఒక నాణెం పోతుంది, ఒక చరిత్ర విద్యార్థి కూడ పోతాడు. నియమం ఉంటే అందరికీ ఉండవలెను. సభాధ్యక్షుని సంచి కూడ తెరువవలెను.

కనుక ఇట్టి సభ జరుపదలచినవారు ఈ క్రింది పద్ధతులు పాటించుట మేలు. ప్రవేశ ద్వారం వద్ద ఒక రిజిస్టరు ఉంచి, వచ్చినవారు తెచ్చిన వస్తువుల సంఖ్యను, ముఖ్యమైనవాటి వివరాలను వారి చేతనే వ్రాయించి సంతకం తీసుకొనవలెను. విలువైనవాటికి ఛాయాచిత్రం తీయవలెను. లోపల కొన్న ప్రతి వస్తువుకు అమ్మినవాడు చీటీ ఈయవలెను. పోయేటప్పుడు రిజిస్టరును, చీటీలను సరిచూస్తే చాలును, దేహం తడుమనక్కరలేదు. సంచిని, ఆల్బమును యజమానియే తెరువవలెను; కాపలాదారు తాకరాదు. చేతి చెమట రాగి, వెండి నాణేలపై మచ్చలు వేస్తుంది. తడి వ్రేలు తపాలా బిళ్ళను పాడుచేస్తుంది. అందుకే సేకర్తలు నాణేన్ని అంచులు పట్టి ఎత్తుతారు, బిళ్ళను చిన్న పట్టకారుతో తీస్తారు. స్త్రీల కొరకు మహిళా కాపలాదారు, చాటు గల చోటు ఏర్పరుపవలెను. నియమాలను తెలుగులోను, ఉర్దూలోను పెద్ద అక్షరాలతో వ్రాసి ద్వారం వద్ద కట్టవలెను. వస్తువు పోయినదని ఎవరైన చెప్పినచో కేకలు వేయక, ఆ బల్ల వద్ద అమ్మకం ఆపి, నిర్వాహకులలో ఇద్దరిని పిలిచి, పట్టికతో సరిచూచి, నిజముగా పోయినదని తేలిన తరువాత పోలీసులకు తెలుపవలెను. పోయినవనుకున్నవి కొన్ని బల్లక్రిందనో, మరొక ఆల్బములోనో దొరుకుట కలదు.

ఇక కాపలాదారు పక్షం కూడ చెప్పవలసియున్నది. మన పల్లెల నుండి హైదరాబాదు పోయి ఈ ఉద్యోగంలో చేరే యువకులు ఎందరో ఉన్నారు. గంటల తరబడి నిలువుకాళ్ళ కొలువు. తాను కాచే వస్తువు ఏమిటో, దాని విలువ ఎంతో చెప్పేవారుండరు. ఏదైనా పోతే మొదటి అనుమానం మాత్రం అతనిమీదనే. ‘కంచే చేను మేసినది’ అనుటకు లోకం సిద్ధంగా ఉంటుంది. రిజిస్టరు, చీటీలు ఉన్నచో అతడు కూడ ఆ నింద నుండి బయటపడతాడు. సభకు ముందు అరగంట సేపు అతనికి నాణెం ఎట్లు పట్టవలెనో చూపి, కూర్చొనుటకు కుర్చీ, త్రాగుటకు నీరు, మార్పుకు మరొక మనిషిని ఇచ్చి, ‘అయ్యా’ అని పిలిచే నిర్వాహకుడు అతని నుండి మర్యాదను ఆశింపవచ్చును. మర్యాద పొందనివాని నుండి మర్యాద కోరుట న్యాయం కాదు.

ఉర్దూలో ‘అమానత్’ అనే చక్కని మాట ఉన్నది. నమ్మి అప్పగించిన సొత్తు అని దానికి అర్థం. మన తెలుగువారు దానినే ‘ఇల్లడ’ అన్నారు. సేకర్తల సభలో కాపలాదారు చేతికి రెండు అమానత్‌లు వస్తాయి. ఒకటి బల్లమీది వస్తువు, రెండవది ద్వారంలో నిలిచిన మనిషి గౌరవం. మొదటిది పోతే పట్టిక సహాయంతో ఏనాటికైనా దొరకవచ్చును. నార్‌ఫోక్‌లో పోయిన బిళ్ళలలో మూడు దొరికినవి కదా. రెండవదానికి పట్టిక లేదు. విద్యార్థి మిత్రులు రేపు నిర్వాహకులైనా, ద్వారం వద్ద నిలువవలసివచ్చినా, ఈ రెంటినీ సమానంగా కాపాడగలరని ఆశిస్తున్నాము.