ప్రొస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్ ఎవరి చేతిలో పెట్టాలి?

ఆదివారం ప్రార్థన విన్నపాలు చదివేటప్పుడు గుండె ఆపరేషన్‌ను గుండె ఆపరేషన్ అనే చెబుతాం. మోకాలి ఆపరేషనూ అంతే. ప్రొస్టేట్ క్యాన్సర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఒక సహోదరునికి చిన్న ఆపరేషన్" అని ఊరుకుంటాం. చెప్పుకోవడానికి సిగ్గు. దాంతో ఆ ఆపరేషన్ అయినవారు సంఘంలో ఇద్దరు ముగ్గురు ఉన్నా ఒకరి సంగతి మరొకరికి తెలియదు. కొత్తగా జబ్బు బయటపడినవారు ఎవరినీ అడగలేక, బయాప్సీ ఎక్కడ చేశారో అక్కడే ఆపరేషన్‌కు తేదీ తీసుకుని వచ్చేస్తారు.

ఇది చిన్న ఆపరేషన్ కాదు. "మా మామయ్యకూ ప్రొస్టేట్ ఆపరేషన్ అయింది, మూడో రోజే ఇంటికొచ్చాడు" అని ధైర్యం చెప్పేవారు సాధారణంగా వేరే ఆపరేషన్ గురించి చెబుతుంటారు. వయసుతో గ్రంథి పెరిగి మూత్రం రాకపోతే, మూత్రనాళం గుండా పరికరం పంపి అడ్డుపడిన భాగాన్ని మాత్రమే తీస్తారు. క్యాన్సర్‌కు చేసేది గ్రంథిని మొత్తంగా తీసేసి, మూత్రాశయాన్ని కిందనున్న మూత్రనాళానికి తిరిగి కలిపి కుట్టడం. మూత్రాన్ని పట్టి ఉంచే కండరం సరిగ్గా ఆ కుట్టు పక్కనే ఉంటుంది. దాంపత్య జీవితానికి కావలసిన సన్నని నరాలు గ్రంథికి రెండు పక్కలా అంటుకుని ఉంటాయి. ఆ నరాలను గుర్తించి కాపాడే పద్ధతితో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో డాక్టర్ పాట్రిక్ వాల్ష్ 1982లో ఆపరేషన్ చేశారు. అంతకుముందు ఈ ఆపరేషన్ అయిన మగవారిలో చాలామంది ఆ శక్తిని కోల్పోయేవారు. ఇప్పటికీ క్యాన్సర్ నరాల దాకా పాకి ఉంటే కాపాడటం కుదరదు. కుదిరే చోట కాపాడటం చేసే చేతి నైపుణ్యం మీద ఆధారపడి ఉంటుంది.

సర్జన్‌ను వెతికే ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. అసలు ఆపరేషన్ కావాలా? బ్రిటన్‌లో పీఎస్‌ఏ పరీక్షలో బయటపడి, గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆపరేషన్, ఒక గుంపుకు రేడియేషన్, మూడో గుంపుకు పరీక్షలు చేస్తూ కనిపెట్టి ఉండటం. పదిహేనేళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. మూడు గుంపుల్లోనూ ఈ క్యాన్సర్‌తో చనిపోయినవారు నూటికి ముగ్గురే. అయితే కనిపెట్టి ఉన్న గుంపులో జబ్బు ఇతర చోట్లకు పాకినవారు ఎక్కువ. గ్లీసన్ స్కోరు ఎక్కువగా ఉన్నవారికి ఈ లెక్క అలాగే వర్తించదు. అందుకే యూరాలజిస్టును కలిసినవారు రేడియేషన్ డాక్టరును కూడా కలవాలి. ఎవరి విద్య మీద వారికి మమకారం ఉంటుంది, అది తప్పు కాదు. నిర్ణయం మాత్రం ఇద్దరి మాటా విన్నాక మనది.

అందుకు వ్యవధి ఉంటుంది. క్యాన్సర్ అనగానే రేపే కోయించాలన్న తొందర ఇంటిల్లిపాదికీ పట్టుకుంటుంది. ప్రొస్టేట్ క్యాన్సర్ సాధారణంగా మెల్లగా పెరిగే జబ్బు. బయాప్సీ చేసిన చోట వాపు తగ్గేదాకా కొన్ని వారాలు ఆగమని సర్జన్లే చెబుతారు. ఆ వారాల్లో బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు, స్కాన్ సీడీలు తీసుకుని మరో పెద్ద ఆసుపత్రిలో చూపించవచ్చు. అవి అడిగితే మొదటి డాక్టరుగారు నొచ్చుకుంటారేమోనని మొహమాటపడకండి. గ్లీసన్ స్కోరు స్లైడును చూసే కంటిని బట్టి కాస్త మారుతుంది, అది మారితే చికిత్సే మారవచ్చు.

ఇక సర్జన్ సంగతి. అమెరికాలో 72 మంది సర్జన్ల చేతుల్లో ఆపరేషన్ అయిన 7,765 మంది వివరాలను పరిశీలించి 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. అంతకుముందు పదే ఆపరేషన్లు చేసిన సర్జన్ చేతిలో ఐదేళ్లలో జబ్బు తిరగబెట్టే అవకాశం నూటికి 18. అదే 250 చేసినవారి చేతిలో 11. ఇవన్నీ పొట్ట కోసి చేసిన ఆపరేషన్లే, చేసిన చేతులకు ఉన్న అనుభవమే వేరు.

మన పట్టణాల్లో యూరాలజిస్టుల రోజులో ఎక్కువ భాగం కిడ్నీలో రాళ్లకే సరిపోతుంది. రాళ్లు తీయడంలో జిల్లా అంతా పేరున్న డాక్టరుగారు ఈ ఆపరేషన్ ఏడాదికి రెండో మూడో చేస్తూ ఉండవచ్చు. కాబట్టి నేరుగా అడగాలి: "సార్, క్యాన్సర్‌కు ప్రొస్టేట్ మొత్తం తీసే ఆపరేషన్ పోయిన ఏడాది మీరు ఎన్ని చేశారు? మీ రోగుల్లో ఏడాది తర్వాత ప్యాడ్ లేకుండా ఉన్నవారు ఎంతమంది? తీసిన గ్రంథి అంచున క్యాన్సర్ మిగిలిందని ఎంతమందికి రిపోర్టు వచ్చింది? నా విషయంలో నరాలు కాపాడటం కుదురుతుందా?" విదేశీ పుస్తకాల లెక్క కాదు, ఆయన సొంత లెక్క కావాలి. "మన దగ్గర ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు" అనే జవాబు కన్నా "కొందరికి ఆరు నెలలు పట్టింది, ఇద్దరికి ఇంకా ఇబ్బంది ఉంది" అనే జవాబునే నేను నమ్ముతాను.

హోర్డింగుల మీద కనిపించే రోబో తనంతట తాను ఆపరేషన్ చేయదు. పక్కనే కూర్చుని సర్జనే దాని చేతులను కదిలిస్తారు. రక్తం తక్కువ పోతుంది, కోతలు చిన్నవి, ఇంటికి త్వరగా రావచ్చు. కానీ ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో రోబోతో చేసినవారినీ, పొట్ట కోసి చేసినవారినీ పోల్చి చూస్తే, రెండేళ్ల తర్వాత మూత్రం పట్టి ఉంచడంలో, దాంపత్య విషయంలో పెద్ద తేడా కనిపించలేదు. రోబో కోసం పొలం అమ్మే ముందు ఈ మాట గుర్తుండాలి. ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ లేదా మీ బీమా ఈ ఆపరేషన్‌కు ఎంత ఇస్తుంది, రోబో ఖర్చు అందులో ఉందా, విడిగా కట్టాలా అన్నది ఆసుపత్రిలో కాగితం మీద రాయించుకోండి.

వేలూరు అంటే మనవారికి ఒక నమ్మకం. ఐడా స్కడర్ 1900లో ఒకే మంచంతో మొదలుపెట్టిన ఆసుపత్రి అది. ఆ నమ్మకానికి కారణాలు ఉన్నాయి. అయినా వేలూరైనా, హైదరాబాదులోని ఎంఎన్‌జే, బసవతారకం అయినా, ముంబయి టాటా అయినా ఒకే ప్రశ్న: "నాకు ఆపరేషన్ చేసేది ఎవరు?" బోధనాసుపత్రుల్లో పెద్ద డాక్టరు పర్యవేక్షణలో చిన్న డాక్టర్లు కొంత పని చేస్తారు. అలా చేయకపోతే రేపటి సర్జన్లు తయారుకారు. ఏ భాగం ఎవరు చేస్తారో ముందే తెలుసుకునే హక్కు మాత్రం రోగికి ఉంది. ఐసీయూ, బ్లడ్ బ్యాంకు రాత్రివేళ కూడా అందుబాటులో ఉన్నాయా, సర్జన్, రేడియేషన్ డాక్టరు, పాథాలజిస్టు కూర్చుని కేసును చర్చిస్తారా అన్నవి కూడా చూడాలి. దూరం కూడా లెక్కలోకి రావాలి. మూత్రం పైపు వారం పది రోజులు ఉంటుంది, అది తీయించుకోవడానికి మళ్లీ వెళ్లాలి.

డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్లకండి, భార్యను తీసుకెళ్లండి. పడక విషయం ఆమె ముందు మాట్లాడటానికి ఇబ్బందిగా ఉంటుంది, నిజమే. కానీ తడిసిన బట్టలు, రాత్రి నిద్రలేమి, ఆ తర్వాతి నెలలు ఇద్దరివీ. కటి కండరాల వ్యాయామం ఎవరు నేర్పుతారో ఆపరేషన్‌కు ముందే అడగండి, అప్పుడే మొదలుపెడితే మంచిది. ఇంటికి వచ్చేటప్పుడు తీసిన గ్రంథి రిపోర్టు నకలు చేతిలో ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు పీఎస్‌ఏ పరీక్ష చేయిస్తే దాదాపు సున్నాకు పడిపోయి ఉండాలి. పడకపోతే ఎవరిని కలవాలో, వారి ఫోను నంబరు ఏమిటో డిశ్చార్జి రోజునే ఫైలు అట్ట మీద రాయించుకోండి.